మూడు నిమిషాలయింది, మాట్లాడుతున్నారా?

మూడూ నలభై అయిదుకి తెర మీద ఒక కొత్త వరుస పడింది. నలభై ఏడో నంబరు లోపలికి వచ్చినట్టు. ఆయన రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, ఇక తను చేసేదేమీ లేదు కాబట్టి, చేతులు అక్కడే ఉంటే ఏదో ఒకటి కెలుకుతాయి కాబట్టి. నలభై ఏడో నంబరంటే ఆయన వదిన, భార్యకి అక్క. ముప్ఫై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, ఒకరి గొంతు తెచ్చి ఇంకొకరి చెవిలో వేసిన ఆపరేటరు. ఇప్పుడావిడ ఇక్కడికి నాలుగు వీధుల అవతల, గ్రంథాలయంలో కిటికీ పక్క కంప్యూటరు ముందు, కుడిచేతి చూపుడువేలొక్కదాన్నే నమ్ముకుని కూర్చుని ఉంటుంది. ఇప్పుడు లేని పనులు ఒకప్పుడు చేసినవాళ్ల మాటలు మ్యూజియం వాళ్లు ఒక పెద్ద గోడ నిండా వేయబోతున్నారు. లిఫ్టు నడిపినాయన, సినిమా హాల్లో రీళ్లు మార్చినాయన, ఊరందరి ఉత్తరాలూ టైపు మిషను మీద కొట్టిపెట్టినావిడ, ఎవరిది వాళ్లే వెబ్‌సైటులో రాసి పంపాలి. గడువు ఇవాళ సాయంత్రం అయిదు. ఆ సైటు కట్టింది ఆయనే. అందులో వదిన రాసింది ఇప్పటికి మూడుసార్లు గాల్లో కలిసిపోయింది, మూడుసార్లూ తప్పు ఆయనదే. "ఇది నాలుగోది మరిదీ," అంది నిన్న ఫోన్లో, "ఇదీ పోయిందంటే నేనింక రాయను. గోడ మీద నా చోట ఒక మేకు కొట్టి వదిలెయ్యమను. ఎవరైనా గొడుగు తగిలించుకుంటారు."

మొదటిసారి పోయినప్పుడు ఇలా వేళాకోళం కూడా చెయ్యలేదు. "దానికి నా రాత నచ్చలేదు కాబోలు" అంది చిన్నబోయిన గొంతుతో, ఆ మాట ఆయనకి వారం రోజులు భోజనం దగ్గర కూడా గుర్తొచ్చింది. నచ్చకపోవడమేమిటి, ఆ మిషనుకి చదవడం వచ్చి చచ్చిందా. దానికి వచ్చిందల్లా మతిమరుపు. సర్వరంత మతిమరుపు మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు. ఒక పేజీ చేతికిచ్చి ఇటు తిరిగితే చాలు, అదే మనిషి మళ్లీ వస్తే "తమరెవరు?" అంటుంది. అందుకని మొదటిసారి వచ్చినప్పుడే ఒక బిళ్ల ఇచ్చి పంపాలి, కాలేజీ లైబ్రరీ గుమ్మంలో సంచీ తీసుకుని ఇత్తడి బిళ్ల ఇచ్చేవాళ్లే, అలాగన్నమాట. బిళ్ల మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండదు, సంచీ వాళ్ల అరలోనే ఉంటుంది. ఈ బిళ్ల పేరు కుకీ, ఆ అర పేరు సెషన్. బ్రౌజరు అడుగడుక్కీ బిళ్ల చూపిస్తుంది, సర్వరు అరలో చూసుకుని "ఓ, మీరా, రండి రండి" అంటుంది. దీని చుట్టూతానే ఆయన ఇన్నేళ్లూ తిరుగుతున్నాడు. బిళ్ల అనుకోగానే వేళ్లకి ఆ ఇత్తడి చల్లదనం తగిలింది. ఒకసారి బిళ్ల పోగొట్టుకున్నాడు, కౌంటరులో అతను సంచీ ఇవ్వనంటే ఇవ్వనన్నాడు, వెనక నించున్న అమ్మాయి మెడ చాచి "ఆ నీలం సంచీ ఇతనిదేనండీ, చిరిగినచోట పసుపు దారంతో కుట్టి ఉంటుంది చూడండి" అంది. తన సంచీని తనకంటే శ్రద్ధగా చూసిన మనిషి ఒకరున్నారని ఆ పూట తెలిసింది. తర్వాత ఆ అమ్మాయినే చేసుకున్నాడు. ఆవిడ పోయి ఆరేళ్లయింది. సంచీ ఎప్పుడో చివికిపోయింది, ఆ పసుపు దారం మాత్రం ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది, వంకర కుట్టుతో సహా.

మూడూ యాభై. తెర మీద ఇంకో వరుస పడింది, నలభై ఏడు ఉంది అని. ఈ వరుసలే కొత్త ఏర్పాటు. మొదటి రెండుసార్లు సర్వరుకి ఇలా చెప్పేవాళ్లు లేరు. మ్యూజియం వాళ్లు రెండే షరతులు పెట్టారు, రెండూ న్యాయమైనవే. రాసేవాళ్లు చాలామంది గ్రంథాలయాల్లో, నలుగురూ వాడే కంప్యూటర్ల దగ్గర కూర్చుంటారు, లిఫ్టు నడిపినాయన సగం రాసి కాఫీకని లేచి వెళ్తే ఆ తర్వాత కూర్చున్నవాళ్లు ఆయన కష్టసుఖాలన్నీ చదివేశారు, కాబట్టి ఇరవై నిమిషాలు ఉలుకూ పలుకూ లేకపోతే తలుపు మూసెయ్యాలి. రెండోది, వాళ్లంతట వాళ్లు 'పంపించు' నొక్కేదాకా ఒక్క అక్షరం కూడా ఎక్కడా దాచకూడదు. సరే అన్నాడు. ఇరవై నిమిషాలు చాలుతాయా అని ఆఫీసులో టెస్టరమ్మని కూర్చోబెట్టి చూశాడు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, తప్పులు పట్టే పని కాబట్టి అందరికీ ఆవిడ టెస్టరమ్మే, ఆవిడ వేళ్లు కీబోర్డు మీద వడగళ్లలా పడతాయి. పన్నెండు నిమిషాల్లో రెండు పేజీలు కొట్టేసి ఒళ్లు విరుచుకుంది. చాలన్నమాట అనుకున్నాడు. వడగళ్లని చూసి లోకంలో వానంతా ఇలాగే పడుతుందనుకున్నాడు. వదిన వేలు ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుని, దొరికినందుకు మురిసి, నొక్కి, సరిగా పడిందో లేదో తలెత్తి చూసుకుని మళ్లీ దిగుతుంది. ఆ కొట్టినదంతా ఆ పేజీలోనే పోగవుతుంది, సర్వరు దాకా రాదు. అటు ఆవిడ చెమటోడుస్తున్నంతసేపూ ఇటు వినపడేది నిశ్శబ్దమే. ఇరవై నిమిషాలు చూసి, మనిషి వెళ్లిపోయిందనుకుని, అర ఖాళీ చేసేసింది సర్వరు, తీరా ఆవిడ 'పంపించు' నొక్కితే "తమరెవరు?" అని రాసిందంతా పారేసింది. పైగా ఆయనేం చేశాడు, తప్పు వెతకడం మాని "కొంచెం గబగబా కొట్టండి వదినా" అని సలహా ఇచ్చాడు. పాపం గబగబా కొట్టింది. అదీ పోయింది. ఇది తల్చుకున్నప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి.

నాలుగయింది. నలభై ఏడు ఉంది. ఇక అసలు గండం నాలుగూ అయిదుకి. పోయినసారి కొంప ముంచింది ఈ ఇరవయ్యో నిమిషమే. అప్పటికి ఆయన పేజీకి ఒక చిన్న జావాస్క్రిప్టు తగిలించాడు, రాసేవాళ్ల వేలు ఆడుతున్నంతకాలం అయిదు నిమిషాలకోసారి సర్వరుకి "ఉన్నారు" అని కబురు పంపుతుంది, ఏం రాస్తున్నారో చెప్పదు, ఉన్నారని మాత్రం చెబుతుంది. కబురు అందినప్పుడల్లా సర్వరు ఆ అరని ఇంకో ఇరవై నిమిషాలు అట్టేపెడుతుంది. ఇంకేముంది, గట్టెక్కామనుకున్నాడు. మూడు కబుర్లు వచ్చాయి, నాలుగోది బిళ్ల లేకుండా వచ్చింది, "తమరెవరు?" అంది సర్వరు. ఒక రోజంతా తల గోక్కున్నాక అర్థమైంది. అర గడువు పెంచాడు గానీ బిళ్ల గడువు పెంచలేదు. బిళ్ల మీద మొదట వేసిన ఇరవై నిమిషాల ముద్ర అలాగే ఉండిపోయింది, వేళ కాగానే బ్రౌజరు బుద్ధిగా దాన్ని పారేసింది. అరలో సంచీ భద్రంగా ఉంది, అడగడానికి ఆవిడ చేతిలో ఏమీ లేదు. ఒక పక్కవాళ్లు గుర్తుపెట్టుకుంటే సరిపోదు, రెండో పక్క కూడా గుర్తుండాలి, ఇంత చిన్న సంగతి యాభై ఎనిమిదేళ్లు వచ్చినవాడికి తట్టలేదు. దిద్దుబాటు మాత్రం ఒక్క మాట. ఫాల్స్ అని ఉన్నచోట ట్రూ. కబురు వచ్చిన ప్రతిసారీ కొత్త ముద్రతో బిళ్ల తిరిగి ఇమ్మని. ఇవాళ మధ్యాహ్నం అది మార్చి సైటు మీద పెట్టేటప్పుడు ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టడానికి ఆయన కూడా చూపుడువేలే వాడాడు, మర్యాదకి.

"ఏమండీ, తెర మీద నాటకం ఏమన్నా ఆడుతోందా?" టెస్టరమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెనక నించుంది. "అలా రెప్ప వెయ్యకుండా చూస్తుంటే అది సిగ్గుపడి ఆగిపోతుంది. టీ తాగండి." ఆయన గ్లాసు చుట్టూ చేతులు పెట్టాడు. ఎవరూ అడక్కుండా ఎవరో ఒకరు వేడివేడిగా తెచ్చి పక్కన పెట్టడం, ఈ ఆరేళ్లలో ఇలాంటివి ఎన్ని జరిగాయో, ఎదురింటావిడ వాన రాగానే ఆయన ఆరేసిన బట్టలు కూడా తీసి మడతపెట్టి ఇవ్వడం, మంగలి ఆయన అడక్కుండానే చెవి మీద వెంట్రుకలు కత్తిరించి వదలడం, లోకం అరల్లో తన సంచీ కూడా ఒకటుందని ఎవరో చూసుకుంటూ ఉండడం. నాలుగూ అయిదు. ఏమీ లేదు. గోడ గడియారం ముందుందేమో. టీ ఒక గుక్క. నలభై ఏడు ఉంది. బిళ్లతో సహా ఉంది. "ఉంది!" అన్నాడు పైకే, టెస్టరమ్మ "హమ్మయ్య" అని ఆయన భుజం మీద చరిచింది, టీ తొణికి చొక్కా మీద పడింది, ఆ మరకని కూడా ఆయన ముద్దుగా చూసుకున్నాడు. నాలుగూ పది. ఉంది. నాలుగూ పదిహేను. ఉంది. అయిదేసి నిమిషాలకోసారి ఒక్క వరుస, పక్క గదిలో నిద్రపోతున్న పాప ఊపిరి విన్నట్టు.

ఇలా ఏమీ వినపడకుండా ఒకరు అవతల ఉన్నారని తెలుస్తూ ఉండటం ఆయనకి కొత్త కాదు. చదువులయ్యాక ఆయన ఒక ఊళ్లో ఉద్యోగం, ఆ అమ్మాయి ఇంకో ఊళ్లో హాస్టలు, ఇంట్లోవాళ్లకి ఇంకా చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే టెలిఫోన్ ఆఫీసుకి వెళ్లి, నంబరు చెప్పి, చెక్క గదిలో రిసీవరు పట్టుకుని నించునేవాడు. వారమంతా చెప్పాలనుకున్న మాటలు ఆ గదిలో అడుగుపెట్టగానే ఎటు పోయేవో. "బాగున్నావా?" "ఊఁ. నువ్వు?" "ఊఁ." అంతే సరుకు. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు, తీగలో సముద్రం లాంటి హోరు, ఆ హోరులో ఆవిడ ఉండటం. అదే పెద్ద భాగ్యం. కాసేపటికి లైన్లోకి ఒక ఆడగొంతు వచ్చేది, "మూడు నిమిషాలయింది, మాట్లాడుతున్నారా?" ఇద్దరూ ఉలిక్కిపడి, ఒకేసారి, "ఆఁ, మాట్లాడుతున్నాం" అనేవాళ్లు, అని మళ్లీ నోరు మూసుకునేవాళ్లు. ఆ మూడు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉండేవో. ఇప్పుడు మూడు నిమిషాల్లో పళ్లు తోముకోవడం కూడా అవదు. ఆ వయసులో కాలం సాగుతుంది కాబోలు అని పెళ్లయ్యాక ఎన్నోసార్లు అన్నాడు, ఆవిడ నవ్వేది. పెళ్లి చూపులూ ఏవీ లేకుండానే పెళ్లి దాకా వచ్చింది, పెళ్లి రోజు అందరి మధ్యా కూర్చుని ఉంటే వెనక నించి ఎవరో చెవి దగ్గరకొచ్చి "మూడు నిమిషాలయింది, మాట్లాడుతున్నారా?" అన్నారు. కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. పెళ్లికూతురి అక్క. ఆ ట్రంకు లైను ఆవిడ బోర్డు మీంచే వెళ్లేదట. "ఇన్నాళ్లూ మీరు మాట్లాడింది విన్నదాన్ని నేనొక్కదాన్నే. ఏం మాట్లాడారని మాత్రం అడక్కండి, నాకూ తెలీదు" అని అందరికీ చెప్పి నవ్వించింది. ఆ రోజు నించీ ఆయన ఆవిడకి మౌనముని మరిది.

నాలుగూ ఇరవై, ఉంది. నాలుగూ ఇరవై అయిదు. లేదు. నాలుగూ ముప్ఫై. లేదు. టీ గ్లాసు ఖాళీగా ఉందని తెలిసి కూడా ఒకసారి ఎత్తి తాగాడు. వేలు ఆగిపోయింది. ఆలోచిస్తోందా, కళ్లజోడు తుడుచుకుంటోందా, పక్క మనిషితో కబుర్లలో పడిందా, విసుగొచ్చి బస్సెక్కేసిందా. ఫోను చెయ్యడానికి లేదు, చదువుకునే గదిలోకి ఫోన్లు రానివ్వరు, పైగా "నేను రాస్తుంటే మధ్యలో ఫోను చేశావంటే నీ లైను జన్మలో కలపను" అని ముందే హెచ్చరించింది. కాగితం మీద రాసుకుని తర్వాత చూసి కొట్టమని చెప్పి చూశాడు. "కాగితం మీద రాస్తే అది దరఖాస్తయి కూర్చుంటుంది. నాకది నేను మాట్లాడినట్టు రావాలి" అంది. పదిహేను నిమిషాలు వేలు కదలకపోతే తెర మీద ఒక చిన్న పెట్టె వస్తుంది, దానికి అయిదు నిమిషాల్లో జవాబు చెప్పకపోతే తలుపు పడుతుంది. ఆ పెట్టెలో ఆయన మొదట రాసింది 'మీ సెషన్ గడువు ముగియబోతున్నది' అని. టెస్టరమ్మ చదివి మొహం చిట్లించింది. "ఇదేంటండీ, పరీక్ష హాల్లో కాగితాలు లాక్కునేవాడిలా! ఆలోచించుకుంటున్న మనిషిని ఇలాగా అడుగుతారు? ఇంట్లో మీవాళ్లని ఎలా అడుగుతారో అలా అడగండి." అప్పుడాయనకి చెక్క గదీ, రిసీవరు బరువూ, ఆ ఆడగొంతూ గుర్తొచ్చాయి. గడువనీ ముగింపనీ ఆవిడ ఏనాడూ అనలేదు. ఉన్నారా పోయారా అని కూడా అడగలేదు. అందుకే పెట్టెలో ఉన్నదంతా తీసేసి ఒక్క మాట రాశాడు: 'రాస్తున్నారా?' కింద ఒకటే మీట: 'ఆఁ, రాస్తున్నాను.'

నాలుగూ ముప్ఫై అయిదు. ఈపాటికి వదిన కళ్ల ముందు పెట్టె వచ్చి ఉంటుంది. దాని సంగతి ఆవిడకి చెప్పలేదు, చెబితే దానికోసమే కాచుకుని కూర్చుంటుందని. చూసి జడుసుకుంటే? మిషను మళ్లీ తన మీద అలిగిందనుకుని లేచి వచ్చేస్తే? గోడ మీద ఆవిడ చోట మేకు. గొడుగు. ముప్ఫై రెండేళ్లు ఎవరి మాటో ఎవరికో అందించిన మనిషి మాట ఒక్కటి, ఒక్కసారి, ఆయన అందించలేకపోతే. ముప్ఫై ఆరు. ముప్ఫై ఏడు. కిటికీ బయట ఎవరో సైకిలు ఆపి గొలుసు ఎక్కించుకుంటున్నారు, వేళ్లు నల్లగా, మొహం తీరిగ్గా. ఆయన భార్య కూడా మధ్యమధ్యలో ఇలాగే ఆగిపోయేది, కూర తరుగుతూ తరుగుతూ కత్తి పట్టుకుని అలా కిటికీలోకి చూస్తూ, ఏమిటని అడిగితే "ఏం లేదు, ఉన్నాను" అనేది. ఎంత మంచి మాట. ఏం లేదు, ఉన్నాను. ఇప్పుడు కూడా ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆయన దాన్ని ఖాళీ అనుకోడు, ఆ అలవాటు ఆ చెక్క గదిలో అయిందే. ముప్ఫై ఎనిమిది. టెస్టరమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ముప్ఫై తొమ్మిది. నలభైకి తలుపు.

వరుస పడింది. నలభై ఏడు: ఆఁ, రాస్తున్నాను.

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు, టెస్టరమ్మ "ఏంటండీ, ఏంటి" అంటూ తనూ నవ్వడం మొదలుపెట్టింది, ఎందుకో తెలియకుండానే. ఆ తర్వాత కబుర్లు ఠంచనుగా వచ్చాయి. నలభై అయిదు. యాభై. వేలు పరుగెడుతున్నట్టుంది. నాలుగూ యాభై ఆరుకి 'పంపించు' నొక్కినట్టు తెలిసింది, గోడ మీద వేయాల్సిన వాటి జాబితాలో చివరి పేరుగా టెలిఫోన్ ఆపరేటరు వచ్చి కూర్చుంది. ఇక అది అందరిదీ, ఆయన కూడా చదవొచ్చు. కళ్లజోడు తుడుచుకుని తెరిచాడు. బోర్డు మీద దీపాలు ఎలా వెలిగేవో, తీగలు గుచ్చీ గుచ్చీ వేళ్లు ఎలా కాయలు కాచాయో, తుపాను రోజు ఇద్దరే ఆపరేటర్లు ఊరంతటినీ ఎలా కలిపారో, అంతా ఆవిడ పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. తర్వాత ఒక ఖాళీ వరుస. వేలు ఆగింది ఇక్కడేనన్నమాట. దాని కింద ఇలా ఉంది:

"మూడు నిమిషాలు కాగానే లైన్లోకి వచ్చి మాట్లాడుతున్నారా అని అడగాలి. జవాబు లేకపోతే తీగ లాగెయ్యాలి. అది రూలు. నేను ముప్ఫై రెండేళ్లలో ఒక్క జంట దగ్గర తప్పాను. అటు మా చెల్లెలు, ఇటు ఎవరో అబ్బాయి. వాళ్ల మాటలు వినకూడదు నిజమే, కానీ వినడానికి ఏమన్నా ఉంటే కదా. ఇద్దరూ ఊఁ అంటే ఊఁ అనుకుని ఊపిరి పీలుస్తూ కూర్చునేవాళ్లు. నాకు గడియారం మీట తిప్పబుద్ధయ్యేది కాదు. ఇంకా మొదలే పెట్టలేదు కదా, దేనికి లెక్క? అందుకని వాళ్లు నోరు తెరిచి నిజంగా ఒక మాట అన్నాకే మూడు నిమిషాలు మొదలుపెట్టేదాన్ని. ఒక ఆదివారం పదకొండు నిమిషాలు ఒక్క మాటా లేదు. తీగ లాగలేదు. పక్క బోర్డు ఆవిడ అడిగితే లైను పరీక్ష చేస్తున్నానన్నాను. ఈ సంగతి వాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు. మూడు నిమిషాలంటే ఎంత పొడుగో అనుకుని ఉంటారు పిచ్చిమొహాలు. ఇది గోడ మీద పెట్టాలా వద్దా అని చేతులు కట్టుకుని ఆలోచిస్తుంటే ఈ మిషను నా మాటే తెచ్చి నన్నే అడిగింది. అడిగాక చెప్పకుండా ఉంటానా?"

పదకొండు. ఆయన ఆ అంకె మీద వేలు పెట్టి, తెర వెచ్చగా ఉంటే అలాగే ఉంచాడు. కాలం సాగలేదన్నమాట. ఒకళ్లు పట్టుకుని సాగదీశారు. ఆ ఆదివారాలన్నీ, ఎన్ని ఆదివారాలవి, ఒక్కొక్కదాంట్లో ఇన్నేసి నిమిషాలు తనకి తెలియకుండా తన అరలో పెట్టి ఉన్నాయి, ఇన్నేళ్లకి ఎవరో బిళ్ల చేతికిచ్చారు. భార్యకి చెప్పాలి అనుకున్నాడు వెంటనే, తర్వాత, ఆవిడ కూడా ఆ పదకొండు నిమిషాల్లో ఉందిగా, చెప్పేదేముంది అనుకున్నాడు, అనుకుంటే ఒళ్లంతా తేలికైపోయింది.

బల్ల మీద ఫోను మోగింది. అవతల గ్రంథాలయం మెట్లు, బస్సుల హారన్లు, గాలి. ఆవిడే. ఆయన "వదినా" అన్నాడు, ఇంకేదో అందామనుకున్నాడు, అనవలసినవి ఎన్ని ఉన్నాయో, ఒక్కటీ నోటిదాకా రాలేదు. అటూ మాట లేదు. టెస్టరమ్మ లేచి, చప్పుడు చెయ్యకుండా ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. బస్సు ఒకటి వెళ్లింది, ఇంకొకటి వెళ్లింది, ఎండ కిటికీ మీంచి బల్ల మీదికి జరిగింది.

"మూడు నిమిషాలయింది," అంది వదిన చివరికి. గొంతులో నవ్వుంది, తడి కూడా ఉందేమో. "మాట్లాడుతున్నావా?"

"ఆఁ, మాట్లాడుతున్నాను" అని, ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఫోను ఇంకో చెవికి మార్చుకుని, హాయిగా మళ్లీ ఊరుకున్నాడు.